చెమ్మగిల్లిన ఎడారి: బెంగళూరు చేతిపని చిత్రకారిణి ఒకరి కేస్ స్టడీ

చేతిపనివాళ్లకు, ఇంటి నుంచి చిన్న వ్యాపారం నడిపేవాళ్లకు సలహాలివ్వడం నా వృత్తి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒకే మాటతో మొదలుపెడతారు: "అందరూ బాగుందంటున్నారు, ఎవరూ కొనడం లేదు." ఈ కేసులో జబ్బు అమ్మకాల్లో బయటపడింది, దాని మూలం మాత్రం వస్తువులోనే ఉంది. ఆ సంగతి ఎలా తేలిందో, తేలాక ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో తెలిస్తే ఇలాంటి పని చేసే ఇతరులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఆమె అనుమతి ఉంది. గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. ధరల అంకెలు మార్చాను, వాటి మధ్య నిష్పత్తి మాత్రం అసలుదే.

నేపథ్యం

ఆమెది రాయలసీమ. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి చాలా ఏళ్లు ఉద్యోగం చేశారు, పిల్లలు పైచదువులకు వెళ్లాక మానేశారు. ఒక శీతాకాలం కుటుంబంతో జైసల్మేర్ వెళ్లి సమ్ ఇసుక దిబ్బలు చూశారు. మరో శీతాకాలం కచ్‌లోని తెల్ల రణ్, అంటే ఉప్పు పరుచుకున్న ఎడారి నేల, చూశారు. వాన కోసం ఆకాశం వైపు చూస్తూ పెరిగిన మనిషికి ఎండిన నేలలోని అందాన్ని ఎవరూ వేలు పెట్టి చూపించనక్కర్లేదు. ఇంటికి వచ్చాక పలకల మీద ఇసుక, బంకమన్ను, జాజు, ఉప్పు పరిచి ఉబ్బెత్తు గోడ చిత్రాలు చేయడం మొదలుపెట్టారు. సాయంత్రపు వెలుగు పక్క నుంచి పడినప్పుడు ఆ దిబ్బల నీడలు నిజంగా సాగుతాయి. చేతిలో పనితనం ఉందని మొదటి చిత్రం చూడగానే నాకు అర్థమైంది.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్లలో పెట్టే వారాంతపు స్టాళ్లు, తెలిసినవాళ్ల ద్వారా వచ్చే ఆర్డర్లు, జనవరిలో కర్ణాటక చిత్రకళా పరిషత్ కుమారకృప రోడ్డు మీద జరిపే చిత్రాల సంత "చిత్ర సంతె" ఆమెకున్న అమ్మకపు దారులు. స్టాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు బాగా ఎక్కువ.

సమస్య

ఆమె నన్ను కలిసింది వానలు తగ్గుముఖం పట్టాక. "మేడమ్, ధర తగ్గించమంటారా, ఇంకా చిన్న సైజులు చేయమంటారా?" అని అడిగారు. అప్పటికే రెండూ కొంత చేసి చూశారు. ధర తగ్గిస్తే బేరం ఇంకా పెరిగింది. చిన్నవిగా చేసిన టీ కప్పుల కింది బిళ్లలు అమ్ముడుపోయాయి గానీ చేతిలో డబ్బు మిగల్లేదు.

ఆ రెండు ప్రశ్నలనూ పక్కన పెట్టి, స్టాలుకు వచ్చినవాళ్లు ఏ క్షణంలో వెనుదిరుగుతున్నారని అడిగాను. ధర ఎక్కువైతే ధర విన్నాక వెళ్తారు. చిత్రం నచ్చకపోతే అసలు ఆగరు. కాబట్టి వెళ్లిపోయే క్షణమే కారణం చెబుతుంది. ఆమె కాసేపు గుర్తు తెచ్చుకుని చెప్పారు: ఆగుతున్నారు, మెచ్చుకుంటున్నారు, చేయి చాచి ఇసుకను తాకుతున్నారు, తరవాత తమ వేళ్లు చూసుకుని కదిలిపోతున్నారు. ధర అడిగే దాకా వచ్చేవాళ్లే తక్కువట.

ఆమె మాటల మధ్యలో మరో విషయం దొర్లింది. వానాకాలంలో కొన్ని చిత్రాలు వెనక్కి వచ్చాయి, వాటి బదులు వేరేవి ఇచ్చి పంపారు. ఆమె దృష్టిలో అది ముగిసిపోయిన విషయం. నా దృష్టిలో అసలు సాక్ష్యం అదే. వెనక్కి వచ్చినవన్నీ తెమ్మన్నాను. పాత కొనుగోలుదారులకు ఫోను చేసి "నచ్చిందా?" అని కాకుండా "ఇప్పుడు ఎక్కడ పెట్టారు?" అని అడగమన్నాను. నచ్చిందా అంటే మర్యాదకు అవుననే చెబుతారు. ఎక్కడుంది అంటే ఉన్నది చెబుతారు. ఒకరి ఇంట్లో అది అటక మీదికి చేరింది. ఒకరు సోఫా మీద ఇసుక రాలుతోందని బీరువా వెనక పెట్టారు. అద్దె ఇల్లు కావడంతో యజమాని గోడకు రంధ్రం వేయనివ్వలేదని మరొకరు నేల మీదే ఆనించారు. గోడ మీద ఉన్నవి సగానికి తక్కువే.

పలక వెనక వైపు

తెచ్చిన వాటిలో తెల్ల రణ్ చిత్రం ఒకటి ఇప్పటికీ కళ్లముందుంది. ముందు నుంచి చూస్తే పై సగంలో నీలి ఆకాశం చెక్కుచెదరలేదు. కింది సగంలో ఉప్పు పొర గడ్డకట్టి, అక్కడక్కడా గాజులా మెరిసి, అంచు దగ్గర తడి ఆరిన చార కట్టింది. తిప్పి చూశాను. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే) పలక కింది అంచు నానిన బిస్కెట్‌లా ఉబ్బి పొరలు విడిపోయింది. వేలాడదీసే కొక్కెం చుట్టూ తుప్పు గోధుమరంగు మరకగా పాకింది. స్క్రూ వేలితో లాగితే వచ్చేసింది. వెనక వైపు పూత లేదు, వార్నిష్ లేదు, పలక కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

కారణాలు మూడు, ఒకదాన్నొకటి పెంచుకున్నాయి. మొదటిది ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. ముసురు రోజుల్లో వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లేది ఇందుకే. బెంగళూరు వానాకాలపు రాత్రుల్లో, తెల్లవారుజామున తేమ ఆ గీత దాటడం మామూలే. కచ్‌లో మాత్రం ఉప్పు నిలుస్తుందా? రణ్‌లో వర్షాకాలమంతా నీళ్లే, అవి ఆవిరయ్యాక శీతాకాలంలోనే ఆ తెల్లని నేల తేలుతుంది. ఆమె చూసింది ఆ కొద్ది నెలల రణ్‌ను. రెండోది జిగురు. ఇసుకను పట్టి ఉంచింది మామూలు తెల్ల జిగురు, అది చెమ్మకు మెత్తబడుతుంది. మూడోది ఆ తేమనంతా తాగిన పలక. ఉప్పునీరు ఇనుప కొక్కేన్ని తినేసింది.

ఇది చూశాక ధర గురించి మాట్లాడడం ఆపేశాం. రాలిపోయే వస్తువును తక్కువ ధరకు ఎక్కువమందికి అమ్మితే ఎక్కువ ఇళ్లలో ఫిర్యాదు మిగులుతుంది. కొత్త ప్రచారమేదీ వద్దని, వస్తువు కుదుటపడేదాకా స్టాళ్లు కూడా తగ్గించమని చెప్పాను. ఆమెకు అది కష్టంగా తోచింది. చిత్ర సంతె దగ్గరపడుతోంది మరి. కానీ పరీక్షించకుండా సంతెకు తీసుకెళ్తే అక్కడ కొన్న ప్రతి ఒక్కరూ తరవాతి వానలకు ఫోను చేస్తారు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

రంగుల సామాను అమ్మే దుకాణదారు ఒకరు ఆమెకు రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) పోయమని చెప్పారు. పైన గట్టి పొర వస్తే ఉప్పూ ఇసుకా కదలవు కదా అన్నది తర్కం. వినడానికి సబబుగానే ఉంది కాబట్టి చిన్న ముక్కల మీద చేసి చూశాం. ఇసుక కదలలేదు, నిజమే. కానీ ఎడారి పోయింది. పొడి నేల వెలుగును చెదరగొడుతుంది, అందుకే అంత మెత్తగా కనబడుతుంది. రెజిన్ వేశాక దిబ్బ తడిసిన బురదలా మెరిసింది. ఉప్పు ముక్కలో గాలి బుడగలు చిక్కుకున్నాయి. వెనక నుంచి తేమ వస్తూనే ఉండడంతో పొర కింద తెల్లటి మసక కమ్మింది. కిటికీ దగ్గర ఎండ తగిలేలా పెట్టిన ముక్క కొంతకాలానికి పసుపు తిరిగింది. కళాకారిణి మనసుకు నచ్చనిదీ, మన్నిక ఇవ్వనిదీ ఒకటే కావడంతో ఈ నిర్ణయం తేలికైంది.

గాజు తలుపున్న లోతైన చెక్క ఫ్రేము తరవాతి ఆలోచన. చూడడానికి చాలా హుందాగా ఉంది. రాలడం గురించి చింత లేదు. అయితే బరువు పెరిగింది, పార్శిల్‌లో గాజు పగిలే భయం, స్కూటరు మీద వచ్చినవాళ్లు తీసుకెళ్లలేరు, గోడకు డ్రిల్లింగ్ తప్పదు. అద్దె ఇళ్లలో ఉండే కొనుగోలుదారులకు ఇది ఇంకో అడ్డంకి. కార్యాలయాలు అడిగితే మాత్రమే చేయాలని ఆ పద్ధతిని పక్కన ఉంచాం.

ఇసుకను జైసల్మేర్ నుంచే తెప్పిస్తే అసలైనదిగా చెప్పుకోవచ్చని ఆమె అనుకున్నారు. వద్దన్నాను. అక్కడ ఎడారి జాతీయ ఉద్యానవనం ఉంది, రక్షిత ప్రాంతపు నేలను సంచుల్లో తెచ్చుకోవడం మంచి పద్ధతి కాదు. పైగా చిత్రం అసలుతనం ఇసుక ఎక్కడిదన్న దాంట్లో ఉంటుందని నేను అనుకోను.

పనిచేసినవి

అన్నిటికన్నా కష్టమైంది ఉప్పును వదులుకోవడం. "ఉప్పు లేకపోతే అది రణ్ ఎలా అవుతుంది మేడమ్?" అన్నారామె. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆమె పనికి ప్రాణం ఆ పదార్థంలోనే ఉందని ఆమె నమ్మకం. వాదించే బదులు రెండూ చేయమన్నాను: ఒకటి ఉప్పుతో, ఒకటి పాలరాతి పొడి, తెల్ల క్వార్ట్‌జ్ రాతి రవ్వ అక్రిలిక్ మీడియంలో (ఆరాక నీటికి కరగని జిగురు లాంటి ద్రవంలో) కలిపి. రణ్‌లో ఉప్పు పొర ఎండుతూ పలకలు పలకలుగా విడిపోయి, అంచుల దగ్గర సన్నటి గట్లు లేస్తాయి. ఆ గట్ల కోసం ఆమె పాలరాతి ముద్దను గోరింటాకు కోన్‌లో నింపి సన్నగా వేసుకుంటూ పోయారు. పెళ్లిళ్లలో చేతుల మీద ముగ్గులు వేసిన అలవాటు అక్కడ అక్కరకొచ్చింది. ఉప్పు చల్లినప్పుడు ఆ గట్లు ఎప్పుడూ అంత స్పష్టంగా రాలేదు. రెండు పలకలనూ సాయంత్రం కిటికీ పక్కన ఆనించి ఆమె చాలాసేపు చూశారు. నేనేమీ అనలేదు. మర్నాడు ఫోను చేసి ఉప్పు మానేస్తున్నానన్నారు. చిత్రం వెనక "ఇందులో ఉప్పు వాడలేదు, పాలరాతి పొడి, క్వార్ట్‌జ్ వాడాం" అని రాయాలని కూడా ఆమే నిర్ణయించారు.

ఇసుక విషయంలో అంత సందిగ్ధం లేదు. అంతకుముందు ఆమె వాడింది కట్టడాల దగ్గర దొరికే ఎం-శాండ్. అది రాయిని పగలగొట్టి చేసేది, రేణువు అంచులు పదునుగా ఉంటాయి, రంగు బూడిద. ఎడారి దిబ్బల రేణువులు గాలికి దొర్లి దొర్లి నునుపెక్కినవి. నీటి ఫిల్టర్లలో వాడే సన్నని సిలికా ఇసుక దీనికి దగ్గరగా కనిపించింది. దాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండబెట్టి, జల్లించి, జాజూ పసుపుమట్టీ పట్టించి వాడుతున్నారు. ఒకేసారి మందంగా వేయకుండా పలచని పొరలుగా వేసి, ప్రతి పొర ఆరాక కుంచెతో అంటని రేణువులను దులిపి, చివర్లో మెరుపు రాని మీడియంను పలచగా చేసి పిచికారీ చేస్తారు. తరవాత నల్ల గుడ్డతో గట్టిగా తుడవాలి. గుడ్డ మీద ఒక్క రేణువు కనబడినా చిత్రం మళ్లీ పనిబల్ల మీదికే.

పలకను నీటికి తట్టుకునే ప్లైవుడ్‌కు మార్చాం. ముందు వైపు కన్నా ముందుగా వెనక వైపు, అంచులు పూత వేయాలన్నది కొత్త నియమం. గోడకు, పలకకు మధ్య గాలి ఆడేలా వెనక నాలుగు మూలలా కార్కు బిళ్లలు అంటించారు. తుప్పు పట్టని కొక్కేలు వచ్చాయి. చిన్న సైజును రంధ్రం లేకుండా అంటించే కొక్కెం మోయగలిగేంత తేలికగా చేశారు, అద్దె ఇళ్ల సమస్యకు ఇదే జవాబు.

దిబ్బల ఆకారం కూడా మారింది. రాజస్థాన్‌లో పనిచేసి వచ్చిన ఒక కొనుగోలుదారు, దిబ్బ రెండు పక్కలా ఒకేలా వాలదని ఆమెతో అన్నారట. నిజమే. గాలి వచ్చే వైపు వాలు నిదానంగా ఉంటుంది, అవతలి వైపు ఇసుక నిటారుగా జారుతుంది. పొడి ఇసుక దాదాపు 34 డిగ్రీల వాలు దాటితే నిలవదు. ఆమె పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని తీసి తన పాత చిత్రాలను కొలిచారు. అన్నీ మన వైపు గుట్టల్లా సమానంగా ఉన్నాయి. ఇప్పుడు ఏ చిత్రమైనా గాలి ఎటు నుంచి వస్తుందో ముందు నిర్ణయించుకుని మొదలుపెడతారు, అలల గీతలు ఆ గాలికి అడ్డంగా వేస్తారు.

అదే ఊపులో చిత్రంలోని మిగతా వస్తువులనూ పరిశీలించాం. థార్ దృశ్యాల్లో చేతులు చాచి నిలబడిన పెద్ద కాక్టస్ ఉంది. ఆ సగ్వారో పెరిగేది అమెరికా, మెక్సికోలలో విస్తరించిన సొనోరన్ ఎడారిలో. ఒక చిత్రంలో రెండు మూపురాల ఒంటె ఉంది. మన దేశంలో ఆ ఒంటెలు లద్దాఖ్‌లోని నుబ్రా లోయవి, థార్ ఒంటెకు మూపురం ఒకటే. వీటి బదులు థార్‌లో నిజంగా ఉన్నవేమిటని వెతికితే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఖేజ్రీ మన జమ్మి చెట్టేనని ఆమెకు తెలిసింది. తెలంగాణ రాష్ట్ర వృక్షమూ అదే. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీలో ఈ చెట్లను కొట్టనివ్వకుండా వాటిని కావలించుకుని అమృతాదేవితో పాటు 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. రాజస్థాన్ రాష్ట్ర పక్షి బట్టమేక పిట్ట. దాని కోసమే కర్నూలు సీమలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. జమ్మి చెట్టున్న దిబ్బల చిత్రం స్టాలులో పెట్టినప్పటి నుంచి తెలుగు కొనుగోలుదారులు ఆగడమే కాదు, అడగడం మొదలుపెట్టారు. దసరాకు ముందు ఆ చిత్రానికి ఆర్డర్లు వచ్చాయి. మేమిద్దరం అమ్మకం కోసం పెట్టుకున్న చిట్కా కాదిది, తప్పును సరిదిద్దుతుంటే దొరికింది.

అద్దాల అంచు ఉన్న చిత్రాలకు ఆమె "కచ్ లిప్పన్" అని పేరు రాసేవారు. లిప్పన్ కచ్ పల్లెల ఆడవాళ్లు మట్టిలో పేడ కలిపి గోడల మీద అద్దాలు పొదిగి చేసే పని. బెంగళూరులో ప్లైవుడ్ మీద చేసినదాన్ని ఆ పేరుతో అమ్మితే, దాన్నే నమ్ముకుని బతికే ఆ ఆడవాళ్లకు అన్యాయం. "లిప్పన్ స్ఫూర్తితో" అని మార్చారు.

ధర, అమ్మకం

వస్తువు నిలబడ్డాకే ధరకు వచ్చాం. ఆమె లెక్కలో సామాను ఖర్చు ఉంది, కడగడం, ఎండబెట్టడం, జల్లించడం, ప్యాకింగ్ లేవు. కొన్నాళ్లు ప్రతి పనికీ పట్టిన సమయం పుస్తకంలో రాయమన్నాను. కప్పుల కింది బిళ్లల సెట్టు ధర 600 రూపాయలు, సామాను 120, చేతిపని 8 గంటలు. గంటకు 60 రూపాయలు. మధ్య సైజు చిత్రం 6,500, సామానూ ప్యాకింగూ 1,500, పని 20 గంటలు. గంటకు 250. బిళ్లలు మానేయమంటే, అవే జనాన్ని స్టాలుకు రప్పిస్తున్నాయని ఆమె అభ్యంతరం. సరైన అభ్యంతరమే, అందుకే ఆమె ఫోనులోని కొనుగోలుదారుల పేర్లు చూశాం. బిళ్లలు కొన్నవాళ్లలో తరవాత చిత్రం కొన్నవాళ్లు దాదాపు లేరు. అవి ఆగిపోయాయి. ఇప్పుడు మూడే సైజులు, సైజును బట్టి ధర, చీటీ మీద పెద్ద అక్షరాల్లో.

స్టాలులో ఒక చిన్న మార్పు అన్నిటికన్నా బాగా పనిచేసింది. చేతి వెడల్పు పలక ఒకటి దిబ్బలా చేసి, పక్కన నల్ల గుడ్డ ఉంచి "తాకి చూడండి, రుద్ది చూడండి" అని రాసి పెట్టారు. చిత్ర సంతెలో జనం ఆగేది కొన్ని క్షణాలే, ఆ క్షణాల్లో వివరణ చెప్పే వీలుండదు. వేళ్లు చూసుకున్నవాళ్లకు ఇసుక కనబడలేదు, తరవాతి మాట ధర గురించి.

హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చే ఆర్డర్ల సంగతి వేరే జాగ్రత్త కోరింది. కర్ణాటకలో వస్తువులమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు గానీ, రాష్ట్రం దాటి అమ్మితే నిబంధనలు మారతాయి. 2023 అక్టోబరు 1 నుంచి నమోదు లేని చిన్న అమ్మకందారులు ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్ముకోవచ్చు, అయితే సొంత రాష్ట్రంలోనే. ప్రభుత్వం జాబితాగా ప్రకటించిన హస్తకళా వస్తువులను రాష్ట్రం దాటి అమ్మినా నమోదు నుంచి మినహాయింపు ఉంది, పాన్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) వంటి షరతులతో. ఆమె చేసేవి ఆ జాబితా కిందికి వస్తాయో లేదో ఆడిటరు చేత రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే బయటి పార్శిళ్లు మొదలయ్యాయి.

ఫలితం, దాని అర్థం

ఆ తరవాతి వానాకాలంలో చెమ్మ వల్ల వెనక్కి వచ్చిన చిత్రం లేదు. పార్శిల్‌లో మూల దెబ్బతిని వచ్చింది ఒకటి ఉంది, దాంతో మూలలకు అట్టముక్కలు రెండు పొరలు వేస్తున్నారు. అమ్ముడుపోయే వస్తువుల సంఖ్య మునుపటికన్నా తగ్గింది, ఆమె చేతికొచ్చే డబ్బు పెరిగింది. పాత కొనుగోలుదారులు కొందరికి కొత్త పద్ధతిలో చేసిన చిత్రాలను సగం ధరకు ఇచ్చి పాతవి వెనక్కి తీసుకున్నారు. అది ఆమె సొంత నిర్ణయం. ఆ ఇళ్ల నుంచే తరవాతి ఆర్డర్లు ఎక్కువ వచ్చాయి.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే నేను మొదట వస్తువు వెనక వైపే చూస్తాను. గోడ చిత్రం, మట్టి బొమ్మ, అల్లిక సంచి ఏదైనా సరే, కొన్నవాళ్ల ఇంట్లో ఒక వానాకాలం గడిపినదాన్ని చూడకుండా ధర మీద సలహా ఇవ్వను. కళాకారులు ప్రాణంగా చూసుకునే పదార్థాన్ని మార్చమనాల్సి వస్తే మాటలతో ఒప్పించే పని పెట్టుకోను, రెండూ చేయించి పక్కపక్కన పెట్టిస్తాను.

ఇంకా తేలనిది

అనంతపురం జిల్లాలో హగరి అని పిలిచే వేదవతి ఒడ్డున కూడా ఇసుక దిబ్బలున్నాయి. గాలికి కదిలి పొలాల మీదికి వస్తాయి. ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఎడారి అదే. ఈ మధ్య దాన్ని చేశారు: సగం పలక వేరుశనగ చేను, మిగతా సగం దాని మీదికి ఎక్కుతున్న ఇసుక. పనితనంలో ఇప్పటిదాకా చేసిన వాటన్నిటికన్నా మేలైనదని నా అభిప్రాయం. కానీ రైతు నష్టాన్ని గోడకు అందంగా అమ్మడం సరేనా అన్న ప్రశ్న ఆమెను పట్టి పీడిస్తోంది. అది తీసేయాల్సిన సందేహమని నేను అనుకోవడం లేదు. ధర ఎంత అన్నది ఇంకా తేల్చుకోలేదు. చీటీ మీద ఊరి పేరు రాయాలా, వచ్చినదాంట్లో కొంత అక్కడ మొక్కలు నాటేవాళ్లకు ఇవ్వాలా అని ఇద్దరం మాట్లాడుకుంటున్నాం. వచ్చే చిత్ర సంతెకు దాన్ని ధర చీటీ లేకుండానైనా తీసుకెళ్లాలని మాత్రం ఆమె నిశ్చయించుకున్నారు.